గానుగలో పడిన పుదీనా

యుద్ధం మొదలయ్యాక మద్రాసులో మా మందుల దుకాణానికి వచ్చిన కష్టాల్లో పెద్దది పుదీనా నూనె. అంతకు ముందు అది జపాను నుంచి సీసాల్లో వచ్చేది. తలనొప్పి లేపనానికి, కడుపునొప్పి మందుకు, పిల్లల అజీర్తి నీళ్ళకు, అన్నిటికీ అదే. జపాను కూడా యుద్ధంలోకి దిగాక ఓడలు ఆగిపోయాయి, మా సీసాలు ఖాళీ అయ్యాయి. అప్పుడు మా యజమానికి ఒక ఆలోచన తట్టింది. మన పుదీనాలో ఆ చలవ లేకపోయినా వాసనకూ కడుపు మందుకూ పనికివస్తుంది కదా అని, చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో బావి కింద తోట ఉన్న కుటుంబానికి రాగి బట్టీ ఒకటి ఇప్పించాడు. ఆకు వాళ్ళది, బట్టీ మాది, నూనె చెరిసగం. రెండు కోతలు అయ్యాయి. రెండింటికీ కలిపి వచ్చిన నూనె సీసా అడుగు తడపడానికి కూడా చాలలేదు. ఆయన నన్ను పిలిచి, "మూడో కోతకు పోయి చూడు. నూనె పడుతూ ఉంటే వదిలేసి రా. పడకపోతే బట్టీలోని రాగి అండా విప్పించి చిత్తూరుకు చేర్చు. అక్కడ రాగి కొనేవాడు కాచుకుని ఉన్నాడు" అన్నాడు. నేను ఆ దుకాణంలో కాంపౌండరును. మూలికల్లో కల్తీ కనిపెట్టడానికి నా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉంటుంది. ప్రయాణాలంటే నాకు బొత్తిగా గిట్టదు, యుద్ధకాలపు ప్రయాణాలు మరీను. అయినా ఉద్యోగం కదా, సంచి సర్దుకున్నాను. అదే దారిన వెళ్ళదలచిన వాళ్ళకు నా అగచాట్లు కొంతయినా పనికివస్తాయని ఇది రాస్తున్నాను.

మద్రాసులో రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి రేణిగుంటలో దిగవచ్చు. అక్కడ చిన్న పట్టాల బండికి మారాలి. అది తిరుపతి, చంద్రగిరి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోతుంది. ఆ బండి అందిందా, మీ అదృష్టం. నాకు అందలేదు. సిపాయిల బండికి దారి ఇవ్వడం కోసం మమ్మల్ని నడిమి స్టేషన్లలో నిలబెట్టి, పొద్దు బాగా ఎక్కాక రేణిగుంటలో దింపారు. నలుగురం కలిసి జట్కా మాట్లాడుకుని, తలా మూడణాలిచ్చి తిరుపతి చేరాము. స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ తిన్నాను. అది ఇడ్లీ అని హోటలాయన చెప్పాడు గనక నమ్మాను. బియ్యం కంటే జొన్నల పాలే ఎక్కువ. ముఖం చిట్లిస్తే ఆయన, "రేషను బియ్యం సామీ. కొండెక్కేటోళ్ళు ఆకలి మీద ఎట్లున్నా తింటారు. మీరు ఎక్కేటట్టు లేరు" అన్నాడు. నిజమే, కొండ ఎక్కే తీరిక నాకు లేదు. అటు తిరిగి దండం పెట్టుకుని బస్సు దగ్గరికి నడిచాను.

పెట్రోలు దొరకని రోజులు గనక ఆ బస్సు బొగ్గుల గ్యాసుతో నడిచేది. వెనక బిగించిన పొయ్యిలో బొగ్గులు వేసి, పంఖా తిప్పి, పొగ పట్టేదాకా ప్రయాణికులు నీడన చేరి ఆవులించాలి. చంద్రగిరికి నాలుగణాలు. ఎత్తు వచ్చిన చోటల్లా డ్రైవరు ఖాదరు సాయిబు తల బయటపెట్టి, "రొంత దిగి తొయ్యండప్పా, మళ్ళా ఎక్కించుకుంటా" అనేవాడు. మూడు చోట్ల దిగి తోశాము. డబ్బు ఇచ్చి బస్సు తోయడం నాకు అదే మొదలు. మీరు వెళితే తెల్ల పంచె కట్టుకోకండి, వెనక నిలబడి తోసేవాడి మీదికే మసి అంతా వస్తుంది.

మూడోసారి తోసి ఎక్కేసరికి గాలిలో పుదీనా వాసన తగిలింది. మొదట ఎవరి బుట్టలోనో కట్టలు ఉన్నాయనుకున్నాను. చంద్రగిరి దగ్గర పడే కొద్దీ బొగ్గు పొగను కూడా దాటుకుని వాసన వచ్చింది. రాత్రంతా నిద్రలేక బరువెక్కిన తల తేలికపడింది. ఇంత వాసన ఉన్న చోట నూనె పడకపోవడమేమిటి, మా యజమాని తొందరపడ్డాడు అనుకుని సంతోషించాను. ఖాదరు సాయిబును అడిగితే చెప్పాడు.

"గానుగ గంగులప్ప పుణ్యం సామీ. మూడు దినాల నుంచి ఈ దోవంతా ఇట్లే గుమగుమలాడతా ఉండాది. మొదట్లో సారాయి కాస్తా ఉండాడేమో అని పోలీసోళ్ళు వచ్చి బట్టీ సూసి పొయ్యినారు. మందునూనె అంట."

"నూనె పడుతోందా?"

"పడితే బాగుండు. పడకపోతే సిన్నోడు కోలారు గనికి పోతాడు. పెద్దోడు ఆడికి పొయ్యే దగ్గు పట్టుకోని వచ్చినాడు. ఇంటి ముందర మంచం మీద ఆరు నెల్లు దగ్గి దగ్గి సచ్చిపొయ్యినాడు. నా బస్సులోనే తెచ్చి దించినాను ఆ అబ్బిని." గేరు మార్చి, "ముసలాయనకు ఇంక ఈడొక్కడే" అన్నాడు.

బస్సు దిగి కోట వైపు నడవాలి. రాజమహలు చూడాలనుకునేవాళ్ళు ఎండ ముదరక ముందే చూసుకోవడం మంచిది, లోపల చల్లగా ఉంటుంది గాని బయట తలదాచుకునే చోటు తక్కువ. నేను బయటి నుంచే చూసి, కొండ పక్కగా పోయే బండ్లబాట పట్టుకుని అరగంట నడిచాను. దారి ఎవరినీ అడగనక్కరలేదు, ముక్కే తీసుకుపోయింది.

గంగులప్ప ఇల్లు ఊరి చివర. ముందు చావడిలో గానుగ, పక్కన పందిరి కింద మా రాగి బట్టీ. తరతరాలుగా సెనక్కాయలు, నువ్వులు ఆడి బతికిన ఇల్లు అది. తిరుపతిలో నూనె మిల్లు వచ్చాక గానుగకు గింజలు తెచ్చేవాళ్ళు తగ్గి, ఉన్న రెండెద్దుల్లో ఒకటి అమ్ముడుపోయి, ఒకటి మిగిలింది. నేను వెళ్ళేసరికి ఆ ఎద్దు కళ్ళకు గంతలతో గానుగ చుట్టూ తిరుగుతోంది. గానుగ పలక మీద గంగులప్ప కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, కళ్ళలో పొరలు. గానుగ రోట్లోకి తొంగిచూస్తే ఉన్నది గింజలు కాదు, పచ్చగా మెదిగిన పుదీనా ముద్ద. ఆ ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దారంతా నాకు సంతోషం కలిగించిన వాసన ఎక్కడి నుంచి వస్తున్నదో అప్పుడు అర్థమైంది. మనసు చివుక్కుమంది.

"ఎవురప్పా?" అన్నాడు ముసలాయన. మద్రాసు దుకాణం నుంచి అని చెప్పాను. ఎద్దును ఆపకుండానే, "కూసో నాయనా. ఈ వాయి కాంగానే బట్టీ ముట్టిస్తాము. ఈ తూరి తప్పకుండా దిగుతాది" అన్నాడు.

"ఆకును గానుగలో ఎందుకు వేశారు పెద్దాయనా?"

నేనేదో పసిపిల్లవాడి ప్రశ్న అడిగినట్టు నవ్వాడు. "నలక్కుండా నూనె యాణ్ణించి వస్తాదప్పా? మొదటి కోత రోట్లో దంచినాము, సాల్లేదు. రెండోది గానుగలో ఏసినాము, అదీ సాల్లేదు. ఈ తూరి రెండు పూటలు తిప్పి, గోనెలు కప్పి రాత్రంతా మాగబెట్టినాము. నీకు వాసన రాలేదా? అంత వాసనుంటే నూనె ఉన్నట్టే గదా."

వాసన ఉన్నచోట నూనె ఉందన్నమాట నిజమే. ఆ నూనె గాలిలో ఉంది, చంద్రగిరి రోడ్డు మీద ఉంది, ఖాదరు సాయిబు బస్సులో ఉంది. ఆ మాట ఆయనతో ఎలా చెప్పాలో తెలియలేదు. అంతలో ఆయన కొడుకు మునిరత్నం తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చాడు. పాతికేళ్ళ వాడు, బక్కపలచని మనిషి, మాట మెత్తన. తోట చూపించమన్నాను.

తోటకు పోయి చూస్తే తోట లేదు. తవ్వి వదిలేసిన ఎర్రమన్ను మళ్ళు మాత్రం ఉన్నాయి.

"వేర్లతో సహా పీకినాము సామీ" అన్నాడు మునిరత్నం. "వట్టివేరుకు వేర్లోనే గదా వాసన, దీనికీ అట్లే ఉంటాదని మా ఊరాయన ఒకాయన సెప్పినాడు. రెండు కోతలు పొయ్యినాయి గదా, ఇంక ఆకొక్కటే నమ్ముకుంటే కాదని మొత్తం పీకేసినాము. మొన్న నుంచి గానుగలో ఉండేది అదే."

"మొత్తమా?"

"కాలవ గట్టున ఒక మడి ఉండాది. పచ్చట్లోకి కావాలని మా ఆడమనిషి పీకనీలేదు."

ఏతం పక్కన కాలువ గట్టు మీద రెండు మంచాలు పరిచేంత మడి. పుదీనా మోకాలెత్తు పెరిగి, అప్పుడే పూత కనబడుతోంది. కూరగాయలవాళ్ళ కళ్ళకు అది ముదిరిపోయిన ఆకు, బజారులో ఎవరూ కొనరు. నూనెకు మాత్రం సరిగ్గా అదే అదను. నేను దానిని చూస్తూ నిలబడితే మునిరత్నం తనంతట తానే చెప్పాడు. "రేపు పొద్దున బండికి మా ఊరాయన ఇంకొకాయన కోలారు గనికి తిరిగి పోతా ఉండాడు. రమ్మంటే వస్తానన్నాను. నూనె దిగితే పోను సామీ. మా నాయనకు మాటిచ్చినాను." పోనక్కరలేదని నాతో చెప్పించుకోవాలని అతని ఆశ.

మధ్యాహ్నం గానుగ ముద్దను బట్టీకెక్కించారు. బట్టీ ఎన్నడూ చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. రాగి అండా అడుగున నీళ్ళు, నీళ్ళకు పైన చిల్లుల పళ్ళెం, దాని మీద ఆకు. కింద మంట పెడితే ఆవిరి ఆకులో నుంచి పైకి పోతూ నూనెను వెంట తీసుకుపోతుంది. మూత నుంచి వచ్చే గొట్టం చన్నీళ్ళ తొట్టిలో మునిగి ఉంటుంది గనక లోపలి ఆవిరి చల్లబడి, గొట్టం చివర బొట్లుబొట్లుగా సీసాలో పడుతుంది. సీసాలో నూనె నీళ్ళ మీద తేలుతుంది. ముసలాయన పొయ్యి ముందు నుంచి కదలలేదు. కోడలు చెంగమ్మ తొట్టిలో నీళ్ళు మారుస్తూ ఉంది. సీసా నిండింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నీటి మీద రంగులు తిరిగే పొర ఒకటి కదిలింది, అంతే. వేలు ముంచితే వేలికి కూడా అంటలేదు. పులిసిన గడ్డి వాసన వేసింది. చెంగమ్మ సీసాను చూడలేదు, మొగుణ్ణి చూసింది. ముసలాయన, "బట్టీలో యాడో సందుండాది, ఆడ్నించి పోతా ఉండాది" అన్నాడు. ఆ గొంతులో నమ్మకం లేదు.

అప్పుడు నేను గట్టు మీది మడి నుంచి ఒక కొమ్మ తెచ్చి, ఆకు తిరగవేసి, భూతద్దం కింద పెట్టి చెంగమ్మకు చూపించాను. మీరు కూడా ఒకసారి చూడండి, ఇంట్లో పుదీనా ఎటూ ఉంటుంది. ఆకు అడుగున ఈనెల మధ్య చిన్నచిన్న గుంటలు, ఒక్కొక్క గుంటలో పసుపుపచ్చగా మెరిసే ఒక పూస. శాస్త్రంలో వాటిని గ్రంథులంటారు. నిజానికి అవి నూనె తిత్తులు. ఆకు తాను తయారు చేసిన నూనెనంతా లోపల దాచుకోకుండా ఇలా చర్మం మీద, పలచని పొర కింద పెట్టుకుంటుంది. పురుగు కరిస్తే పగిలి పురుగు నోరు మండాలని దాని ఉపాయం. వేలితో రుద్దినా చాలు, పొర పగులుతుంది, నూనె గాలిలో కలుస్తుంది. మనం అబ్బ ఏమి వాసన అనుకుంటాము.

చెంగమ్మ చాలాసేపు చూసింది. "సెమట బొట్ల మాదిరి ఉండాయన్నా" అంది. తరువాత బట్టీ పక్కన పడి ఉన్న ముద్దలో నుంచి చిరిగిన ఆకు ఒకటి ఏరి అద్దం కింద పెట్టుకుంది. "దీంట్లో లేవు. గుంటలు ఉండాయి, బొట్లు లేవు" అంది. నేను చెప్పవలసిన పని లేకుండా పోయింది. అద్దం మొగుడి చేతికిచ్చింది. అతను చూసి తండ్రి చేతికిచ్చాడు. పొరలు కమ్మిన కళ్ళకు అద్దం ఏం చేస్తుంది. ముసలాయన అద్దం పక్కన పెట్టి, ఆకు అడుగున బొటనవేలు మెల్లగా ఆనించి, వేలు వాసన చూసుకున్నాడు.

"నూనె బయటే కూసోనుందా?" అన్నాడు.

"అవును పెద్దాయనా."

"ఇన్నేండ్లుగా నూనె లోపలుంటాదనే గదా నేను నలగ్గొట్టింది." ఎవరితోనూ కాదు, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. సెనక్కాయలో, నువ్వుల్లో లోపలే ఉంటుంది, ఆయన పొరబడింది ఎక్కడా కాదు, ఈ ఒక్క ఆకు దగ్గరే. ఆ మాట చెప్పాను కూడా. వినిపించుకున్నట్టు లేదు.

ఉన్న ఆ ఒక్క మడి కోద్దామన్నాను. వేరు కదలకుండా, నేలకు నాలుగు వేళ్ళ పైన కొడవలితో చెంగమ్మే కోసింది. తొక్కకుండా, నీళ్ళు చల్లకుండా, పందిరి నీడలో చాప మీద పలచగా పరిచాము. ఎండ వాలేదాకా వాడ్చి, అండాను శుభ్రంగా కడిగించి, ఆకును పిడికిలి బిగించకుండా చేతుల మీద ఎత్తి చిల్లుల పళ్ళెం మీద పరిచాము. సగానికి కూడా రాలేదు. వాసన దాదాపు లేదు. "ఇది యాడ కాగుతాది, కూర వండినట్టుండాది" అని గొణిగాడు ముసలాయన. మునిరత్నం మంట సన్నగా పెట్టాడు. పొద్దు గూకుతుండగా గొట్టం చివర మొదటి బొట్లు పడ్డాయి. తెల్లగా, పాలవిరుగుడులా. కాసేపటికి సీసా మెడలో ఒక గీత ఏర్పడింది. గీతకు పైన లేతపసుపు నూనె. మంట ఆపేసరికి ఆ మెడలో వేలెడు ఎత్తు నిలిచింది. మూడు కోతల్లో తోటంతా ఇవ్వనిది రెండు మంచాల మడి ఇచ్చింది.

సంతోషించవలసిన చోట ఆ ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. ఏమి పారబోసుకున్నారో ఆ వేలెడు నూనెలో అందరికీ కనబడింది. చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ముసలాయన లేచి, తడుముకుంటూ గానుగ దగ్గరికి వెళ్ళి, ఎద్దు కళ్ళ గంతలు విప్పాడు. కాడి దించాడు. ఎద్దు అక్కడే నిలబడింది, ఆయన కూడా దాని మెడ మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. నాకు దుఃఖం వచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక మా యజమాని మీద తెచ్చుకున్నాను. బట్టీ పంపినవాడు ఒక్క మాట చెప్పి పంపకూడదా.

"అండా తీసుకుపోను, ఇక్కడే ఉంటుంది" అన్నాను. "నూనె పడితే వదిలేసి రమ్మన్నారు, పడింది. కోసిన మడిలో వేర్లు ఉన్నాయి. చిగుర్లు వేస్తాయి. తీగ ప్రతి గణుపుకూ వేరు పోస్తుంది. గణుపులు తుంచి నాటుకుంటూ పోతే తోట మళ్ళీ నిండుతుంది."

"ఎన్నాళ్ళకు సామీ?" అన్నాడు మునిరత్నం.

నీళ్ళు సరిగ్గా పెడితే ఎండాకాలం గడిచి, వానలు పడి, ఆ పైన అని చెప్పక తప్పలేదు. అతను తల ఊపాడు. "అంతవరకూ తినాల గదా. ఈ ఒక్క ఎండాకాలం పొయ్యొస్తాను. తోట నిండినాక వచ్చేస్తాను."

గానుగ దగ్గర నుంచి ముసలాయన ఇటు తిరగకుండానే అన్నాడు. "మీ అన్న కూడా ఒక ఎండాకాలమే అన్నాడురా."

ఆ రాత్రి రాగిసంగటి, గోంగూర ఊరుబిండి పచ్చడి పెట్టారు. అందరమూ తిన్నామని చెప్పలేను.

తిరుగు ప్రయాణానికి చంద్రగిరిలోనే రైలు ఎక్కవచ్చు. పొద్దున బండి పాకాల మీదుగా చిత్తూరు, అక్కడి నుంచి కాట్పాడి. కాట్పాడిలో మద్రాసు వైపు ఒక బండి, కోలారు గనికి పోయేవాళ్ళకు బంగారుపేట వైపు ఒక బండి. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి లోపే, కూర్చునే చోటు మాత్రం రూపాయికి రాదు. చిత్తూరులో రాగి వ్యాపారికి సమాధానం చెప్పవలసి ఉండి నేను ఈ దారి పట్టాను. మునిరత్నం, అతన్ని తీసుకుపోతున్న ఊరాయన కూడా అదే పెట్టెలో. ముసలాయన స్టేషనుకు రాలేదు. చెంగమ్మ వచ్చింది. సంగటి ముద్దలు మూటకట్టి ఇచ్చి, బండి కదిలేటప్పుడు, "నీళ్ళు నేను తోడతాలే" అని మాత్రం అంది. ఏతం తొక్కే మనిషి వెళ్ళిపోతున్నాడని ఆమెకు తెలుసు.

పెట్టెలో కిక్కిరిసి ఉన్నాము. పాకాల దాటాక మా ఎదుట కూర్చున్న పెద్దామె ఒకామె ముక్కు ఎగబీల్చి, "ఎవురి కాడనో పుదీనా ఉండాది. ఏం మంచి వాసన అబ్బా, పానం లేసొచ్చింది" అంది. అందరూ తమ తమ మూటల వైపు చూసుకున్నారు. వాసన మునిరత్నం చొక్కాది. మూడు రోజులు గానుగలోకి ఆకు తోసిన చొక్కా. అతను చేయి ఎత్తి మోచేతి దగ్గర వాసన చూసుకుని, ఆమెతో, "నాదేనమ్మా" అన్నాడు. చెయ్యి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోకి తిరిగాడు. ఆ ముఖం చూడలేక నేనూ అటే తిరిగాను.

చిత్తూరు ప్లాటుఫారం మీద రాగి వ్యాపారి నిజంగానే కూలీని వెంటబెట్టుకుని నిలబడి ఉన్నాడు. "అండా యాడ సామీ?" అన్నాడు. లేదన్నాను. "మాటిచ్చినారే" అన్నాడు. "మాట ఇచ్చింది మా యజమాని, ఆయన్నే అడగండి" అని బండెక్కాను. ఆ రెండు రోజుల్లో నాకు కాస్త తృప్తినిచ్చిన మాట అదొక్కటే. కాట్పాడిలో దిగాక మునిరత్నం సంచి భుజాన వేసుకుని, "గణుపు గణుపుకూ ఏరు పోస్తాది గదా సామీ?" అని ఇంకోసారి అడిగాడు. పోస్తుందన్నాను. "అట్లయితే బిన్నేనే నిండుతాదిలే, శానా దినాలు పట్టదు" అన్నాడు. వాళ్ళ బండి ముందు వచ్చింది.

మా యజమాని నన్ను చెడామడా తిట్టి, నేను వెంట తెచ్చిన సీసా మూత తీసి నూనె చూసి, వచ్చే కోతదాకా అండా అక్కడే ఉండనిమ్మన్నాడు. వానలు వెళ్ళాక ఇంకో పని మీద తిరుపతి వచ్చినప్పుడు నేను ఆ పల్లెకు మళ్ళీ వెళ్ళాను. ఈసారి దారిలో వాసన లేదు. దానికి సంతోషించాను. తోటకు పోతే గట్టు మీది మడి మూడు మళ్ళయింది, అంతే. ఏతం మీద ఒక ఆడమనిషి, కింద చూపు ఆనని ముసలాయన, ఇద్దరూ తోడే నీళ్ళకు అంతకంటే పాకలేదు. గానుగ రోకలి ఊడదీసి గోడకు ఆనించి ఉంది. గంగులప్ప మడి పక్కన కూర్చుని కలుపు తడిమి తీస్తున్నాడు. నేను అలవాటు కొద్దీ ఒక ఆకు తుంచితే ఆ చప్పుడుకే తల ఎత్తి, "నలపొద్దు నాయనా, పోతాది" అన్నాడు. మునిరత్నం సంగతి అడిగాను. ముసలాయన కలుపు మీదికే వంగాడు. చెంగమ్మ ఏతం దిగి వచ్చి, మామకు వినబడనంత మెల్లగా చెప్పింది. "పండక్కి వచ్చిపొయ్యినాడన్నా. రొంత దగ్గుతా ఉండాడు. నీళ్ళు మారినందుకే అంటాడు."

ఎన్నో ఊళ్ళు తిరిగాను గాని ఏ ఊరి వాసనా నాతో ఇంటిదాకా రాలేదు. ఇది వచ్చింది. దుకాణంలో పుదీనా సీసా మూత తీసినప్పుడల్లా నాకు ఆ బస్సులో కలిగిన సంతోషమే మొదట గుర్తుకొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది. ఒక ఇంటి బతుకు గాలిలో కలిసిపోతుంటే దాన్ని ఊరంతా కలిసి మెచ్చుకున్నాము. ఎవరి తప్పు అంటే నేను చెప్పలేను. తెలిసిన పనిని తెలిసినట్టు ఒళ్ళు దాచుకోకుండా చేశారు వాళ్ళు, అందుకే అంతా పోయింది. ఇక, చంద్రగిరి కోట చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. బయలుదేరే ముందు మీ పెరట్లోని నాలుగు పుదీనా తీగలు వేర్లతో సహా తీసి, ఆకు నలగకుండా తడిగుడ్డలో చుట్టుకోండి, రెండు రోజులైనా వాడవు. కోట చూసుకుని అరగంట నడిచి గంగులప్ప ఇంట్లో ఇచ్చి రండి. తోట నిండితే వచ్చేస్తానన్నాడు మునిరత్నం.